30 ఏళ్ల లోను, గెడ్డ పక్కన ఫ్లాట్

మధురవాడ, కొమ్మాది వైపు ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే ముందు చూపించేది ఫ్లాట్ కాదు, గోడ మీద మ్యాపు. ఇదిగో భోగాపురం ఎయిర్‌పోర్టు, ఇవి ఐటీ కొండలు, అది రైల్వే జోన్ ఆఫీసు, మధ్యలో ఈ ఎర్ర చుక్క మీ ఇల్లు. 2025 వేసవిలో మేం తిరగడం మొదలుపెట్టినప్పుడు మ్యాపు మీద ఉన్నవి ఇంతే. అక్టోబర్‌లో గూగుల్ 15 బిలియన్ డాలర్ల డేటా సెంటర్ కబురు రాగానే ఇంకో చుక్క వచ్చి చేరింది. మేం బేరం దాకా వచ్చిన ఒక ఫ్లాట్‌కి ఆ వారంలోనే అడుక్కి మూడొందలు పెరిగింది. "వైజాగ్ ఎక్కడికో వెళ్లిపోతుంది సార్" అన్నాడు అక్కడి కుర్రాడు. వెళ్తుందేమో, వెళ్లాలనే నా కోరిక కూడా. కానీ ఆ ప్రయాణానికి టికెట్టు డబ్బులు నా దగ్గర ముందే గుంజుతున్నట్టుంది.

ఆ మాటకి పడిపోని వైజాగ్ వాళ్లు తక్కువ. ఊరిని ఎవరైనా పొగిడితే మనల్నే పొగిడినట్టుంటుంది మాకు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక బీచ్ రోడ్డులో చెట్టన్నది నిలబడి లేదు. పాలప్యాకెట్ కోసం, నీళ్ల ట్యాంకర్ కోసం లైన్లలో నిలబడ్డవాళ్లమే, రెండేళ్లు తిరక్కుండా నగరాల శుభ్రతకి కేంద్రం ఇచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 5వ ర్యాంకు వస్తే పండగ చేసుకున్నాం. 2017లో 3వ ర్యాంకు. 2019లో 23కి జారిపోతే ఆఫీసులో ఆ రోజు ఎవరూ ఆ ఊసెత్తలేదు. మరుసటి ఏడాది 9కి వచ్చాక మళ్లీ నోళ్లు లేచాయి. ఈ అభిమానం బిల్డర్లకి బాగా తెలుసు. అందుకే వాళ్లు ఇటుకా సిమెంటూ గురించి తక్కువ, ఊరి గురించి ఎక్కువ మాట్లాడతారు.

చివరికి మేం తీసుకున్నది కట్టడం పూర్తయి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) వచ్చిన డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. ఓసీ ఉంటే జీఎస్టీ ఉండదు, కడుతున్న ఫ్లాట్ అయితే 5 శాతం. ధర 58 లక్షలు. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు లోనుకి బ్యాంకు ఇంటి విలువలో 80 శాతం దాకా ఇవ్వొచ్చు. మేం 45 లక్షలు అడిగాం. మిగతా 13 లక్షలూ మావే, పైగా ఇంటి ధర మీద స్టాంప్ డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం, అంటే 4 లక్షల 35 వేలు. ఇది కూడా మన జేబులోదే, ఇంటి విలువలో కలిపి లోను ఇవ్వరు. చాలామంది ఇక్కడే తడబడతారు. నా పీఎఫ్‌లోంచి తీసింది, మా ఆవిడ పేరున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ కలిపితే అక్కడికక్కడికి సరిపోయింది. ధర 50 లక్షలు దాటింది కాబట్టి అమ్మేవాళ్లకిచ్చే డబ్బులో 1 శాతం, 58 వేలు, మనమే టీడీఎస్, అంటే వాళ్ల తరఫున ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, కట్టి మిగతాది వాళ్లకివ్వాలి. ఈ సంగతి మాకు చెప్పింది బ్యాంకు కాదు, డాక్యుమెంట్ రైటర్.

ఇక లోను. నేను అడిగింది 20 ఏళ్లకి. లోను ఆఫీసరు కంప్యూటర్‌లో నొక్కి, తల అడ్డంగా ఊపాడు. నాకు చేతికొచ్చేది 86 వేలు. కిస్తీలన్నీ కలిపి అందులో సగం, అంటే 43 వేలు దాటకూడదు అన్నది వాళ్ల లెక్క. కారు లోను కిస్తీ 9,500 అప్పటికే నడుస్తోంది. 8 శాతం వడ్డీకి 45 లక్షలు 20 ఏళ్లకైతే ఈఎంఐ 37,640. రెండూ కలిపితే 47 వేలు దాటింది, కుదరదు. 30 ఏళ్లకైతే 33,019. కారుతో కలిపి 42,519. సరిగ్గా గీత లోపల పడింది.

"అందరూ 30కే వెళ్తున్నారు సార్. మధ్యలో డబ్బులొస్తే కట్టేసుకోవచ్చు కదా" అన్నాడాయన.

ఇక్కడొక మాట అనుకోకుండా ఉండలేకపోయాను. 20 ఏళ్ల లోను మాత్రమే ఉండుంటే ఈ ఫ్లాట్ నాకు అందేది కాదు. నాలాంటి వాళ్లెవరికీ అందేది కాదు. అప్పుడు అడుక్కి మూడొందలు పెంచడానికి కొనేవాడేడీ? ఊరు పెరుగుతోందన్న గర్వాన్ని ధరలో కలుపుతున్నారు, ఆ ధర మోయడానికి లోను గడువు సాగదీస్తున్నారు. గడువు ఎంత సాగితే ధరకి అంత చోటు దొరుకుతోంది. ఇది కుట్ర అనను, ఎవరి వ్యాపారం వాళ్లు చేసుకుంటున్నారు. కానీ మధురవాడలో తిరిగే ప్రతి కొనుగోలుదారుడూ ఈ చుట్టరికం తెలుసుకుని తిరగాలి.

ఆ రాత్రి అమార్టైజేషన్ షీటు, అంటే ప్రతి కిస్తీలో వడ్డీ ఎంతో అసలు ఎంతో చూపే పట్టిక, ప్రింటు తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచాను. మొదటి వరస: ఈఎంఐ 33,019. అందులో వడ్డీ 30,000. అసలు 3,019. మా ఆవిడ ఆ వరస మీద వేలు పెట్టి, "మూడు వేలేనా? మిగతాదంతా వాళ్లకేనా?" అంది. కింది వరసలో 3,039. ఆ కింద 3,059. ఇరవై రూపాయల చొప్పున పాకుతోంది. పేజీలు తిప్పుకుంటూ పోతే, అసలులో సగం తీరేది 22 ఏళ్లు దాటి ఇంకో ఐదు నెలలకి. అప్పటికి నాకు 59 నిండుతాయి. 30 ఏళ్లకీ కలిపి వడ్డీ దాదాపు 74 లక్షలు. అదే 20 ఏళ్లకైతే 45 లక్షల చిల్లర. నెలకి 4,621 రూపాయలు తగ్గించుకున్నందుకు మొత్తం మీద 28 లక్షలు అదనం.

మావయ్యగారు ఉక్కు కర్మాగారంలో చేసి రిటైరయ్యారు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని జనం రోడ్ల మీదికొచ్చిన 1966లో ఆయన స్కూలు పిల్లాడు. ఊరంటే ప్రాణం, అప్పంటే భయం. "అప్పు తీరకుండా రిటైరవడమేంటి అల్లుడుగారూ? ఇల్లు మీదా, బ్యాంకుదా?" అన్నారు. వాళ్ల కాలంలో కిస్తీ జీతంలోనే కట్ అయిపోయేది, రిటైర్మెంట్ నాటికి కాగితాలు ఇంటికొచ్చేవి. ఆయనకి జవాబు చెప్పడానికే నేను కూర్చుని లెక్కలు వేశాను. ఎక్సెల్‌లో వేసుకుంటే ఎవరికైనా వస్తాయి.

మొదట నన్ను భయపెట్టింది మొత్తం వడ్డీ కాదు, రేటు. 2019 అక్టోబర్ నుంచి బ్యాంకులిచ్చే కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లు, అంటే వడ్డీ రేటు మారుతుండే లోన్లు, బయటి ప్రమాణానికి, ఎక్కువగా ఆర్‌బీఐ రెపో రేటుకి (ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే రేటుకి) ముడిపడి ఉన్నాయి. రెపో కదిలితే మన రేటూ కదులుతుంది. 33,019 ఈఎంఐ అలాగే ఉంచి, వడ్డీ ఒక్క అర శాతం పెరిగి 8.5 అయిందనుకోండి. 30 ఏళ్ల లోను దాదాపు 40 ఏళ్లకి పోతుంది. అదే అర శాతం 20 ఏళ్ల లోనుని 22 ఏళ్లకి మాత్రమే జరుపుతుంది. ఇక 9 శాతమైతే మొదటి నెల వడ్డీయే 33,750. ఈఎంఐ వడ్డీకే చాలదు, లోను ఎప్పటికీ తీరదు. ఎందుకంటే 30 ఏళ్ల ఈఎంఐలో అసలు భాగం అంత పల్చన. ఏ చిన్న గాలి వీచినా చివరి తేదీ ఎగిరిపోతుంది.

ఇదేదో ఊహ కాదు. 2022 మేలో 4 శాతం ఉన్న రెపో 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. మా ఆఫీసులో ఒకతను 2021లో 20 ఏళ్లకి లోను తీసుకున్నాడు. ఈఎంఐ మారలేదు కదా అని నిశ్చింతగా ఉన్నాడు. ఓ రోజు స్టేట్‌మెంట్ తెరిస్తే మిగిలిన గడువు 30 ఏళ్లు దాటి కనబడింది. ఇలాంటి ఫిర్యాదులు ఎక్కువయ్యాకే 2023 ఆగస్టులో ఆర్‌బీఐ సర్క్యులర్ ఇచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా, రెండూ కొంత కొంత పెంచుకుంటారా అని అప్పు తీసుకున్నవాళ్లనే అడగాలి. గడువు సాగదీసిన పేరుతో కిస్తీ వడ్డీకి కూడా చాలని పరిస్థితి రానివ్వకూడదు. లోను తీసుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకున్నా చాలు: మెసేజ్ వచ్చినప్పుడు ఊరుకోకండి, ఏది పెంచాలో రాసివ్వండి.

కొంచెం ఊరటనిచ్చిన లెక్క కూడా ఉంది. వ్యక్తులు తీసుకునే ఫ్లోటింగ్ హోమ్ లోనుకి ముందస్తు చెల్లింపు చార్జీలు లేవు. కాబట్టి 30 ఏళ్ల కాగితం మీద సంతకం పెట్టి, వీలైనప్పుడు 20 ఏళ్ల కిస్తీయే కట్టుకుంటూ పోవచ్చు. ఏ నెల ఇబ్బందైతే ఆ నెల 33 వేలతో ఊపిరి పీల్చుకోవచ్చు. ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కట్టినా 30 ఏళ్లది సుమారు 23కి దిగుతుంది. మా కారు లోను రెండేళ్లలో తీరుతుంది. ఆ 9,500 అప్పటినుంచి ఇటు మళ్లిస్తే, 8 శాతం లెక్కనే, మొత్తం 17 ఏళ్లలోపు అయిపోతుంది. ఇదంతా మావయ్యగారికి చూపించాను. కళ్లజోడు సవరించుకుని, "మళ్లిస్తే కదా" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. వీలైనప్పుడు కట్టుకోవచ్చు అన్నది బ్యాంకుకి బాగా నచ్చే మాట, ఎందుకంటే చాలామందికి ఆ వీలు రాదు.

కాగితాల దగ్గరికొస్తే, జీతం స్లిప్పులు, ఫామ్ 16, సిబిల్ స్కోరు, ఇవన్నీ అందరికీ తెలిసినవే, ఇబ్బంది పడలేదు. లీగల్ ఒపీనియన్ దగ్గర మాత్రం కథ పాకాన పడింది. బ్యాంకు లాయరుగారు 30 ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా), లింకు దస్తావేజులన్నీ తెమ్మన్నారు. ముందుకి 30 ఏళ్లు అప్పివ్వాలంటే వెనక్కి 30 ఏళ్లు చూడాలన్నమాట. తీరా తెస్తే అందులో ఒక పాత దస్తావేజు నన్ను కూర్చోబెట్టేసింది. స్టాంపు కాగితం పసుపెక్కి, మడతల దగ్గర చిరుగులు. మధురవాడ గ్రామ పంచాయతీ పరిధి అని రాసి ఉంది. నిజమే, గాజువాక మున్సిపాలిటీతో పాటు చుట్టూ ఉన్న 32 గ్రామాలు నగరంలో కలిసి జీవీఎంసీ (గ్రేటర్ విశాఖ కార్పొరేషన్) అయింది 2005లో కదా. హద్దులు: తూర్పు, ఫలానావారి జీడితోట. దక్షిణం, ఫలానావారి మెట్ట భూమి. పడమర, డొంక. ఉత్తరం, గెడ్డ, అంటే కొండ నీళ్లు పారే వాగు.

తోట పోయింది, అక్కడ ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. మెట్ట మీద ఫర్నిచర్ షోరూమ్. డొంక నలభై అడుగుల సీసీ రోడ్డయింది. ఉత్తరాన గెడ్డ మాత్రం అలాగే ఉంది, రెండు పక్కలా గోడలు కట్టాక చూసేవాళ్లకి అది పెద్ద మురుగు కాలవలా కనిపిస్తుంది, అంతే. లాయరుగారు పెన్ను దాని మీద పెట్టి, "దీన్ని చూసుకున్నారా? ప్లాన్‌లో గెడ్డకి వదలాల్సిన జాగా వదిలారో లేదో నేను కాగితంలో చూస్తాను. వానలో మీరు వెళ్లి చూడండి" అన్నారు. మొత్తం ఈ వ్యవహారంలో నాకు దొరికిన అసలైన సలహా ఇది. లీగల్ ఫీజు కింద కట్టిన డబ్బు దీనికే చెల్లిపోయింది.

వాన కోసం ఎక్కువ ఎదురుచూడక్కర్లేకపోయింది. అక్టోబర్ ఆఖర్లో మొంథా తుఫాను వచ్చింది. తీరం దాటింది నరసాపురం వైపే అయినా విశాఖలోనూ వాన దంచికొట్టింది. వాన తెరిపివ్వగానే బండేసుకుని వెళ్లాను. కొండ మీది నీళ్లన్నీ ఎర్రగా గెడ్డలోంచి ఉరుకుతున్నాయి. సెల్లార్‌లోకి నీళ్లు రాలేదు. కానీ రోడ్డు కింద కల్వర్టు దగ్గర కవర్లు, కొబ్బరి బొండాలు, ఓ చిరిగిన పరుపు, అన్నీ పేరుకుని నీళ్లు వెనక్కి తన్నుతున్నాయి. ఇంకో గంట పడుంటే రోడ్డెక్కేవి. ఆ పరుపు కొండ మీంచి రాలేదు. పక్క అపార్ట్‌మెంట్లవాళ్లో, మనం కొనబోయే అపార్ట్‌మెంటువాళ్లో పడేసిందే. వాచ్‌మన్ ఒక కర్రతో కవర్లు లాగుతున్నాడు. ప్లాన్‌లో వదలాల్సిన జాగా వదిలారని లాయరుగారు రాసిచ్చాక, సెల్లార్ పొడిగా ఉందన్న ధైర్యంతో ముందుకెళ్లాం.

రిజిస్ట్రేషన్ నవంబర్‌లో అయింది. స్లాటు, వేలిముద్రలు, ఫొటో, ఒక పూటలో పని తేలిపోయింది. అసలు దస్తావేజులు తాకట్టు కింద బ్యాంకుకి పోయాయి. లోను తీరాక 30 రోజుల్లో అవి తిరిగివ్వాలి, బ్యాంకు వైపు నుంచి ఆలస్యమైతే రోజుకి 5 వేలు మనకివ్వాలి అన్నది కూడా ఆర్‌బీఐ నిబంధనే. ఇప్పుడే దాని గురించి ఆలోచించడం కొంచెం తొందరే! బ్యాంకులో ఇంకో చిన్న తగాదా నడిచింది. లోనుకి ఇన్సూరెన్స్ అని ఒకేసారి కట్టే ప్రీమియం చూపించి, దాన్ని కూడా లోనులో కలిపేస్తామన్నారు. అంటే ప్రీమియానికి కూడా 30 ఏళ్లు వడ్డీ. అది తప్పనిసరి కాదని తెలుసు కాబట్టి వద్దని రాసిచ్చాను, విడిగా టర్మ్ పాలసీ పెంచుకున్నాను. ఆ తర్వాత చెక్కు రెండు రోజులు లేటయింది. దానికీ దీనికీ సంబంధం లేదన్నారు, సరే అన్నాను.

పాలు పొంగించి చేరిన కొద్ది రోజులకే, డిసెంబర్‌లో రెపో పావు శాతం తగ్గి 5.25 అయింది. మా రేటు 7.75కి వచ్చింది. ఈఎంఐ తగ్గించమంటారా అంటే వద్దన్నాను, గడువు తగ్గించమన్నాను. పావు శాతానికే 30 ఏళ్లది ఇరవై ఏడున్నరకి దిగింది. అర శాతం పెరిగితే 40కి పోయేది, పావు తగ్గితే ఇక్కడికి. మా ఆవిడ ఇప్పుడు వార్తల్లో ఆర్‌బీఐ గవర్నర్ కనబడితే టీవీ సౌండు పెంచుతుంది.

ఇక కొత్త అపార్ట్‌మెంట్ సంగతి. 30 ఏళ్లు కట్టాల్సినవాళ్లు ఊరిని ఇంకా బాగా చూసుకుంటారని నేను అనుకున్నాను. నా విషయంలో కొంత నిజమే. అద్దెకున్నప్పుడు వీధిలో నీళ్లు నిలిస్తే ఇల్లు మారిపోదాం అనేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట నోటికి రాదు, ఎక్కడికి మారతాను? కానీ మొదటి అసోసియేషన్ మీటింగుకి వెళ్తే నలభై ఫ్లాట్లకి పదకొండు మంది వచ్చారు. ఓనర్లలో సగం మంది హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నారు. వాట్సాప్ గ్రూపులో మాత్రం డేటా సెంటర్ వీడియోలు, బీచ్ ఫొటోలు, "ప్రౌడ్ టు బీ ఫ్రమ్ వైజాగ్" స్టేటస్‌లు వాళ్లవే ఎక్కువ. గెడ్డలో చెత్త ఎవరు పడేస్తున్నారన్న మాటకి జవాబివ్వరు.

గెడ్డ గురించి మీటింగులో లేచి మాట్లాడింది రెండో అంతస్తులో అద్దెకుంటున్న ఒక రిటైర్డ్ టీచరుగారు. లోను లేదు, ఇల్లు లేదు, వచ్చే ఏడాది ఇక్కడుంటారో లేదో ఆవిడకే తెలీదు. తడి చెత్త, పొడి చెత్త వేరుచేయడం ఫ్లాట్ ఫ్లాట్‌కీ వెళ్లి చెప్పింది ఆవిడే. కల్వర్టుకి పైనున్న మలుపులో ఇనుప జాలీ వేయించి, పోగైంది వారానికోసారి తీయిస్తే వానాకాలం గండం గడుస్తుందని లెక్కతో సహా రాసుకొచ్చారు. "మాస్టారమ్మా, గెడ్డ మనది కాదు కదండీ, మనమెందుకు పెట్టాలి?" అన్నాడు ఒకాయన. "వాన పడినప్పుడు అది మీదే అవుతుంది బాబూ, సెల్లార్‌లో కారు పెట్టేది మీరే కదా" అన్నారావిడ. పదకొండు మందీ నవ్వారు. ఆయన కూడా.

వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చాం, ఇంజినీరింగ్ వాళ్లొచ్చి చూసి, జాలీ ఏ కొలతలో ఉండాలో, నీటి దారికి అడ్డం కాకుండా ఎలా వేయాలో చెప్పి వెళ్లారు. పూడిక తీసే పని జూన్‌లోపు పెడతామన్నారు. జాలీ ఖర్చు ఫ్లాట్‌కి 1,500. దూరంగా ఉన్న ఓనర్ల దగ్గర వసూలు చేసే బాధ్యత నా మీద పడింది. లోను విషయంలో బ్యాంకుతో బాగా మాట్లాడానని ఎవరో చెప్పారట, అందుకని! ఇప్పటికి ముప్పై ఒక్కళ్లు పంపారు. ఒకాయన న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసి, జాలీ వేస్తే రీసేల్ వాల్యూ పెరుగుతుందా అనడిగాడు. పెరుగుతుందండీ అన్నాను. వెంటనే వేశాడు.

ఏప్రిల్ 30లోపు ఏడాది ఇంటి పన్ను మొత్తం ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు ఉంది, అది కట్టేశాను. ఆ నెల అదనంగా లోనులో వేద్దామనుకున్న దాంట్లోంచి పన్ను పోయింది, జాలీకి 1,500 పోయింది, మిగిలింది వేశాను. వేసినప్పుడు గడువు తగ్గించమని విడిగా రాసివ్వాలి, లేకపోతే కొన్నిచోట్ల ఈఎంఐ తగ్గించేస్తారు. రాసిచ్చాను. మావయ్యగారు మొత్తం ఎంత తగ్గిందని అడిగారు. జాలీ లెక్క చెప్పకుండా మిగతాది చెప్పాను.